కొత్త టీచర్లకు చదివించడం ఎవరు నేర్పుతారు?

సంపాదకులకు,

ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీకి 2024లో తెలంగాణలో 11,062 పోస్టులు ప్రకటించారు. అలా ఎంపికైన ఒక అమ్మాయి మా ఊరి ప్రాథమిక పాఠశాలకు వచ్చింది. పరీక్షలో మంచి మార్కులే. ఒకటో తరగతి పిల్లలను చదివించాలంటే మాత్రం బెరుకు. అందులో ఆమె తప్పేమీ లేదు.

పిల్లలు గుణింతం రాగం తీసి చెబుతారు. మధ్యలో ‘కె’ మీద వేలు పెడితే మళ్లీ ‘క’ నుంచి ఎత్తుకుంటారు. అది చదవడం కాదు, వల్లెవేత. ఇక ఒత్తులు సరేసరి. ‘రాత్రి’లో గుడి ఉండేది ‘త’ మీద, పలికేది కింద ఉన్న ‘ర’ తర్వాత. పిల్లవాడు ‘రాతిర’ అని చదివితే, కన్ను చూసినదే నోరు పలికింది. నేను ముందు పలక మీద ‘త్ర’ రాయించి, చదివించి, ఆ తర్వాతే గుడి పెట్టించేదాన్ని. ఈ కిటుకులు పోటీ పరీక్షల పుస్తకాల్లో ఎందుకుంటాయి?

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలనీ, ఇది 2026-27కల్లా సాధించాలనీ కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ‘నిపుణ్ భారత్’ లక్ష్యం. దానికి ఉపన్యాసాల శిక్షణ చాలదు. కొత్తవారిని మొదటి కొన్ని వారాలు అనుభవమున్న టీచర్ తరగతిలో కూర్చోబెట్టండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో నివేదికలు పక్కనపెట్టి, నలుగురు పిల్లలను పిలిపించి చదివించి చూపండి. మాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులను పిలిచినా వస్తాం. భత్యం అడగం, బస్సు ఎలాగూ ఉచితమే.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, జనగామ జిల్లా