క్రియాటిన్ వేరు, క్రియాటినిన్ వేరు

నల్లగొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ యాదీ,

మొన్న ఫోన్‌లో నీ గొంతు వింటే నాకే టెన్షన్ వచ్చింది. "పోరడి క్రియాటిన్ పెరిగిందంట, కిడ్నీలు పోయినయారా?" అని ఒకటే లొల్లి. అప్పుడు ల్యాబ్‌లో పదిమంది చేతులు చాపి కూర్చున్నారు, సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తిని తీరిగ్గా కూర్చున్నా. వదినకు కూడా చదివి వినిపించు, ఆమెకు నీకన్నా తొందరగా ఎక్కుతుంది.

మనోడు జిమ్‌కు పోయి నీళ్లలో కలుపుకొని తాగేది క్రియాటిన్. రిపోర్టులో పెరిగింది క్రియాటినిన్. నడుమ ఒక్క "ని" తేడా, అంతే, దానికే నువ్వు రెండు రోజులు నిద్రపోలేదు.

క్రియాటిన్ మన ఒంట్లోనే తయారవుతుంది, మాంసం తింటే కొంత దాంట్లోంచీ వస్తుంది. 1832లో ఫ్రాన్స్‌లో షెవ్రూల్ అనే ఆయన దాన్ని మాంసంలోంచే తీశాడు. గ్రీకులో క్రియాస్ అంటే మాంసమే. దాదాపు అంతా కండల్లోనే ఉంటుంది. వడ్ల బస్తా ఒక్క ఊపులో భుజానికెత్తుతావు చూడు, ఆ మొదటి కొన్ని సెకన్ల బలం దాని పుణ్యమే. ఆ క్రియాటిన్ రోజుకు నూటికి ఒకటి రెండు పాళ్లు, ఏ ఎంజైమూ ముట్టకుండా, తనంతట తానే ఒక నీటి అణువును వదిలేసి క్రియాటినిన్ అవుతుంది. ఇక దాంతో పనిలేదు. కిడ్నీ వడగట్టి మూత్రంలో పారేస్తుంది. కిడ్నీ నీరసిస్తే అది రక్తంలో పేరుకుంటుంది, డాక్టర్లు దాన్ని చూసేది అందుకే.

కానీ పొయ్యిలో కట్టెలు ఎక్కువ పెడితే బూడిదా ఎక్కువే కదా? మనోడు రోజూ చెంచాలకొద్దీ పౌడర్ పోసుకుంటున్నాడు, పైగా కండ పెంచాడు. రిపోర్టులో క్రియాటినిన్ 1.4 రావడానికి అదీ కారణం కావచ్చు. కావచ్చు అంటున్నా, అదేనని నేను రాసివ్వలేను. అసలు తప్పు ఏందంటే, పౌడర్ సంగతి డాక్టర్‌కు చెప్పకపోవడం. రేపే పోయి చెప్పమను. పౌడర్ ఆపి ఎన్నాళ్లకు మళ్లీ చేయించాలో ఆయనే చెప్తాడు. అవసరమైతే సిస్టాటిన్ సి అని ఇంకో పరీక్ష ఉంది, దానికి కండతో పెద్దగా లెక్కలేదు. పరీక్షకు ముందు రాత్రి మాత్రం మటన్ దట్టించి రావద్దను.

ఈ పేర్ల గోల నాకు కొత్త కాదులే. డిగ్రీ రెండో ఏడు పరీక్షలో "క్లోమం నుంచి గ్లైకోజన్ విడుదలవుతుంది" అని పేజీ నిండా రాసి, బయటికొచ్చి నీకే గొప్పగా చెప్పాను, యాదికుందా? గ్లైకోజన్ అంటే కాలేయంలో, కండల్లో దాచిన చక్కెర, మన ఇంట్లో వడ్ల గుమ్మి లాంటిది. క్లోమం పంపేది గ్లూకగాన్, "గుమ్మి తెరువు, ఇంట్లో గింజల్లేవు" అని కాలేయానికి కబురు పెట్టే హార్మోన్. కండల గుమ్మి మాత్రం పిసినారిది, రక్తంలోకి గింజ కూడా ఇవ్వదు.

సీరం, ప్లాస్మా సంగతి కూడా అట్లాంటిదే. రక్తాన్ని ఉత్త ట్యూబులో అరగంట వదిలేస్తే గడ్డకట్టి, పైన పసుపు తేట తేరుతుంది, అది సీరం. లాటిన్‌లో ఆ మాటకు అర్థం విరిగిన పాల మీది తేట. గడ్డకట్టకుండా మందు కలిపి తిప్పితే వచ్చేది ప్లాస్మా, గడ్డ కట్టించే ఫైబ్రినోజన్ ఇంకా దాంట్లోనే ఉంటుంది. దీనికి వంటింట్లో పోలిక నాకు దొరకలేదు.

ఇక ఫ్లోరిన్. మనోళ్లు ఇప్పటికీ "ఫ్లోరిన్ నీళ్లు" అంటారు. ఫ్లోరిన్ లేత పసుపు గ్యాసు, పీలిస్తే ప్రాణం మీదికొస్తుంది. బోరునీళ్లలో ఉండేది రాళ్లలోంచి కరిగొచ్చిన ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మర్రిగూడ దిక్కున్న మా మేనత్త నడుము చూశావుగా, చెంబు ఎత్తాలన్నా గోడ పట్టుకునేది. అదే ఫ్లోరైడ్‌ను నేను రోజూ బూడిదరంగు మూత ట్యూబులో పెట్టుకొని షుగర్ పరీక్షకు వాడుతుంటే మొదట్లో మనసొప్పలేదు.

అది లేకపోతే ఏమవుతుందో నేను చేరిన కొత్తలోనే తెలిసింది. దేవరకొండ నుంచి బస్సులో వచ్చిన ఒక పెద్దమ్మ రక్తం, ఎర్రమూత ట్యూబులో ఉంది. పైగా కరెంటు పోయింది. రక్తం తీసిన నాలుగు గంటల తర్వాత మిషన్ ఎక్కిస్తే షుగర్ 138. ఆమె బిడ్డ "అమ్మకు షుగర్ దిగింది సార్" అని నాకు మైసూర్‌పాక్ పెట్టింది. మర్నాడు ఫ్లోరైడ్ ట్యూబులో తీస్తే 180 దాటింది. ట్యూబులో కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గంటకు నూటికి అయిదారు పాళ్లు చక్కెర తింటూనే ఉంటాయి. ఫ్లోరైడ్ వాటి ఎనొలేజ్ అనే ఎంజైమును పట్టేసి ఆ తిండి ఆపుతుంది. ఆ మైసూర్‌పాక్ తిన్నందుకు ఇప్పటికీ సిగ్గే.

మనోడి మళ్లీ పరీక్షకు ఇక్కడికే పంపు, రక్తం నేనే తీస్తా. క్లాక్ టవర్ దగ్గర దిగి ఫోన్ చేయమను. వట్టి చేతులతో పంపకు, మీ వనపర్తి పల్లీలు రెండు కిలోలు కట్టియ్యి. పోయేటప్పుడు బత్తాయిలు ఇచ్చి పంపుతా.

నీ,
నర్సి