రాయితీ గడువు కంటే ముందు చూసుకోవలసింది నివాస హోదా

సంపాదకులకు నమస్కారం.

విదేశాల నుంచి వచ్చి స్థిరపడేవారికి ఇచ్చే పన్ను రాయితీలను ఒక్కొక్క దేశమే ఎత్తివేస్తోందన్న వార్తలు రెండు మూడేళ్లుగా పత్రికల్లో తరచు వస్తున్నాయి. రాయితీ ఎంత, గడువు ఏ తేదీ అన్నవి వాటిలో ఉంటాయి గాని, ఆ గడువు లోపల వెళ్లి చేరిన మనిషి నివాస హోదా, అంటే పన్ను కోసం ఏ దేశపు నివాసిగా లెక్కకు వస్తారన్నది, దాన్నిబట్టి పన్ను లెక్క చివరికి ఎలా తేలుతుందన్నది ఉండదు. దేశం మారే కుటుంబాల రిటర్నులు తయారుచేసే పనిలో చాలాకాలంగా ఉన్న నేను ఈ లోటు వల్ల జరుగుతున్న నష్టాన్ని దగ్గర నుంచి చూస్తున్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోర్చుగల్ 2009లో ప్రవేశపెట్టిన పదేళ్ల రాయితీ పథకం 2023తో కొత్తవారికి మూతపడింది. అది ఇళ్ల ధరలు పెరగడానికి దోహదం చేస్తోందని, స్థానికులకు అన్యాయమని అప్పటి ప్రధాని ఆంటోనియో కోస్టా చెప్పారు. బ్రిటన్‌లో నివసిస్తూనే శాశ్వత స్వస్థలం మరో దేశమని చూపించి, విదేశీ ఆదాయంలో బ్రిటన్‌కు తెచ్చుకున్న దానికే పన్ను కట్టే నాన్‌డామ్ పద్ధతి రెండు శతాబ్దాలకు పైగా నడిచి 2025 ఏప్రిల్ 6న ముగిసింది. దాని స్థానంలో, అంతకుముందు వరుసగా పదేళ్లు బ్రిటన్ నివాసి కానివారికి మాత్రం నాలుగేళ్ల మినహాయింపు వచ్చింది. ఇటలీ విదేశీ సంపన్నుల మీద ఏడాదికి లక్ష యూరోలుగా ఉంచిన స్థిర పన్నును 2024 ఆగస్టులో కొత్తగా వచ్చేవారికి రెండు లక్షలు చేసింది. నెదర్లాండ్స్ విదేశీ ఉద్యోగుల జీతంలో 30 శాతం వరకు పన్ను లేకుండా వదిలే సౌకర్యాన్ని 2027 నుంచి 27 శాతానికి తగ్గిస్తోంది.

ఇలాంటి ప్రకటన వెలువడిన వెంటనే చాలామంది చేసే పని గడువు లోపల ఎలాగైనా అక్కడికి చేరిపోవడం. నేను చూసిన ఒక దంపతుల లెక్క చెబుతాను. రాయితీ చేజారుతుందన్న కంగారులో భర్త ముందుగా వెళ్లి ఇల్లు అద్దెకు తీసుకుని పేరు నమోదు చేయించుకున్నారు. పిల్లల చదువు మధ్యలో ఆపలేక భార్య పాత ఇంట్లోనే ఉండిపోయారు. ఆ ఏడాది పాత దేశం దృష్టిలో ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. ఆయన ఇల్లు, కుటుంబం, పెట్టుబడులు, బ్యాంకు లావాదేవీలు అన్నీ అక్కడే ఉన్నాయి. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ప్రకారం చూసినా ఆయన పాత దేశపు నివాసిగానే తేలారు, మొత్తం ఆదాయం మీద పన్ను అక్కడే పడింది. కొత్త దేశంలో రాయితీ ఆయనకు అక్కరకు రాకపోగా, ఆ రాయితీకి ఉన్న పదేళ్ల లెక్క మాత్రం నమోదు చేయించుకున్న ఏడాది నుంచే మొదలైపోయింది. ఒక ఏడాది వృథాగా ఖర్చయిపోయింది. గడువును పట్టుకోవడం ఎంత ముఖ్యమో, పాత దేశం నుంచి పన్ను పరంగా విడివడడం అంతకంటే ముఖ్యమని ఆయనకు ముందుగా చెప్పినవారు లేరు.

ఏడాదిలో 183 రోజులు ఒక దేశంలో ఉంటేనే అక్కడి నివాసి అన్న లెక్కను అందరూ మంత్రంలా పట్టుకుంటారు. ఆ సంఖ్య చాలా దేశాల చట్టాల్లో ఉన్నమాట నిజమే. కాని 183 రోజులు దాటితే నివాసి అవుతారన్నంత మాత్రాన, దాటకపోతే నివాసి కారని అర్థం కాదు. బ్రిటన్‌లో గత మూడేళ్లలో ఏ ఒక్క ఏడాదైనా నివాసిగా ఉన్న వ్యక్తి అక్కడ కుటుంబం, వాడుకోవడానికి ఇల్లు, పని, గత రెండేళ్లలో గడిపిన రోజులు వంటి బంధాల్లో నాలుగు మిగుల్చుకుంటే, ఏడాదిలో కేవలం 16 రోజులు ఉన్నా నివాసి కావచ్చు. ఆ రోజులను సాధారణంగా అర్ధరాత్రికి ఎక్కడ ఉన్నారన్న దాన్నిబట్టి లెక్కిస్తారు. జర్మనీలో మీరు ఎప్పుడైనా వెళ్లి ఉండగలిగేలా, సామానుతో సహా ఇల్లు అట్టే పెట్టుకుంటే, అక్కడ గడిపిన రోజులు తక్కువైనా నివాసి అనిపించుకోవడానికి ఆ ఇల్లే చాలు. స్పెయిన్‌లో రోజులు సరిపోకపోయినా ఆర్థిక కార్యకలాపాల కేంద్రం అక్కడ ఉంటే నివాసే. జీవిత భాగస్వామి, మైనర్ పిల్లలు అక్కడ నివాసులైతే, కాదని రుజువు చేసుకునే భారం మన మీదే పడుతుంది. అందువల్ల పాస్‌పోర్టు ముద్రలు లెక్కపెట్టుకునే ముందు, వదిలి వెళ్లే దేశపు చట్టం ఏయే బంధాలను చూస్తుందో తెలుసుకుని, వాటిని ఏ క్రమంలో, ఏ తేదీకి తెంచుకోవాలో రాసిపెట్టుకోవాలి.

రెండు దేశాలూ మీరు మావారే అన్నప్పుడు ఒప్పందం ఆదుకుంటుంది. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ తయారుచేసిన నమూనా ఒప్పందంలో నాలుగో అధికరణం క్రమం స్పష్టంగా చెబుతుంది: ముందు శాశ్వత నివాస గృహం ఎక్కడుందో చూస్తారు, రెండు చోట్లా ఉంటే వ్యక్తిగత, ఆర్థిక సంబంధాలు ఎక్కడ దగ్గరగా ఉన్నాయో, అదీ తేలకపోతే ఎక్కువకాలం ఎక్కడ ఉంటున్నారో, ఆ తరువాత పౌరసత్వం, చివరకు రెండు ప్రభుత్వాల అధికారుల పరస్పర అంగీకారం. ఈ మెట్లను ఎక్కించేది కాగితాలే. కొత్త దేశం ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం అవసరమే గాని, పాత దేశం దాన్ని చూసి ఊరుకోదు. ఇల్లు అమ్మిన లేదా దీర్ఘకాలిక అద్దెకు ఇచ్చిన పత్రం, బడి మార్పు, వైద్యుడి దగ్గర నమోదు, విమాన టికెట్లు, విద్యుత్ బిల్లులు అడుగుతుంది. వందకు పైగా దేశాలు, ప్రాంతాల పన్ను శాఖలు బ్యాంకు ఖాతాల వివరాలు ఏటా ఇచ్చిపుచ్చుకుంటున్న కాలమిది. 2017లో మొదలైన ఆ ఏర్పాటులో, ఖాతా తెరిచేటప్పుడు మీరు నివాస దేశమని దేని పేరు రాసిచ్చారో, ఖాతా వివరాలు ఆ దేశపు పన్ను శాఖకు చేరతాయి. పాత బ్యాంకులో ఆ వివరం మార్చడం మరచిపోయినందుకు నోటీసులు అందుకున్నవారు నా దగ్గరకు వచ్చారు. ఇక అమెరికా పౌరులు ఎక్కడున్నా స్వదేశానికి రిటర్ను వేయవలసిందే కనుక, వారికి నివాసం మార్చుకోవడం వల్ల తీరేది సగం సమస్యే.

తేదీల సంగతి అందరూ తేలికగా తీసుకుంటారు, నాకు మాత్రం అదే అన్నిటికంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. బ్రిటన్ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది, యూరప్‌లో చాలా దేశాలది జనవరి 1న. బ్రిటన్ కొన్ని షరతుల మీద వెళ్లిన లేదా వచ్చిన ఏడాదిని రెండు ముక్కలు చేస్తుంది. స్పెయిన్ అలా చేయదు, జూన్‌లో వచ్చి ఏడాది చివరి దాకా ఉన్నవారిని జనవరి నుంచీ నివాసిగానే చూస్తుంది. అంటే మార్చిలో పాత దేశంలో ఉండగా అమ్మిన షేర్ల లాభం కూడా కొత్త దేశపు రిటర్నులోకి వస్తుంది. అదే ప్రయాణం జూలై మొదటి వారం దాటాక పెట్టుకుంటే, ఆ సంవత్సరంలో 183 రోజులు నిండవు. బోనసు, డివిడెండు, స్టాక్ ఆప్షన్లు, ఇంటి అమ్మకం, వీటిలో ఏది ప్రయాణానికి ముందు, ఏది తరువాత అన్న ఒక్క నిర్ణయం మీద, రాయితీ మిగిల్చే దానికంటే ఎక్కువ డబ్బు ఆధారపడి ఉండవచ్చు.

వెళ్లిపోయేవారి మీద పడే పన్ను కూడా ఉంది. కెనడాలో దేశం వదిలిన రోజున చాలా ఆస్తులను మార్కెట్ ధరకు అమ్మినట్టే భావించి, చేతికి రాని లాభం మీద పన్ను లెక్కకడతారు. జర్మనీలో చాలా ఏళ్లు నివాసిగా ఉండి, ఒక కంపెనీలో కనీసం 1 శాతం వాటా కలిగినవారికి ఇదే పరిస్థితి. నార్వే 2024లో ఈ నిబంధనలను మరింత బిగించి, చెల్లింపునకు 12 ఏళ్ల గడువు పెట్టింది. సొంత కంపెనీ పెట్టుకున్నవారు కొత్త దేశపు రాయితీ పత్రం చదవడానికి ముందే ఈ లెక్క వేయించుకోవాలి.

ఇప్పటికే రాయితీ అనుభవిస్తున్నవారి గురించి ఎవరూ రాయడం లేదు. పోర్చుగల్ పాతవారిని పదేళ్లు నిండేదాకా కొనసాగనిచ్చింది, ఇటలీ ముందు వచ్చినవారి మొత్తాన్ని పెంచలేదు. నెదర్లాండ్స్‌లో మాత్రం, విదేశీ పొదుపు, పెట్టుబడులను లెక్కలోకి తీసుకోని పాక్షిక అనివాసి హోదా 2025 నుంచి రద్దయింది, 2024కు ముందు నుంచి ఉన్నవారికి 2026 చివరి దాకానే ఉంటుంది. రాయితీ ముగిసిన మరుసటి ఏడాది ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా మామూలు రేటుకు వస్తుంది కనుక, పెద్ద అమ్మకాలు, పెన్షన్ తీసుకోవడం వంటివి ఆఖరి రెండేళ్లలోనే ఆలోచించుకోవాలి. అప్పుడు ఇంకో దేశానికి వెళ్లాలనుకున్నా తొందరపాటు ప్రమాదమే. బ్రిటన్‌లో గత 20 ఏళ్లలో 10 ఏళ్లు నివాసిగా ఉన్నవారిని వారసత్వ పన్ను వెళ్లిన తరువాత కూడా మూడు నుంచి పదేళ్ల దాకా వెంటాడుతుంది. వెళ్లకముందు ఏడేళ్లలో నాలుగేళ్లు నివాసిగా ఉన్నవారు అయిదేళ్లలోపు తిరిగివస్తే, దూరంగా ఉన్నప్పుడు పాత ఆస్తులను అమ్మి సంపాదించిన లాభం తిరిగివచ్చిన ఏడాదిలో పన్నుకు లోబడుతుంది.

రాయితీలను ఎత్తివేయడం తప్పని నేను అనను. పక్కింటి ఉద్యోగి పూర్తి పన్ను కడుతుంటే కొత్తగా వచ్చినవాడు సగం కట్టడం ఎల్లకాలం నిలిచే ఏర్పాటు కాదు. అయితే జీతం మీద బతికేవారు రాయితీ మాట నమ్మి ఇల్లు అమ్ముకుని, పిల్లలను బడి మాన్పించి వచ్చాక షరతులు మార్చడం మాత్రం న్యాయం కాదు. సంపన్నులకు సలహాదారులు ఉంటారు, వీరికి ఉండరు. వీరికి ఉన్నది పత్రికే.

కనుక మీకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట ఏ దేశపు రాయితీ గురించి వార్త వేసినా, ఆ రాయితీ ఏ ఏడాది నుంచి లెక్కకు వస్తుందో, ఏడాది మధ్యలో వచ్చినవారిని ఆ దేశం ఎలా చూస్తుందో, రాయితీ ముగిశాక పన్ను ఎంతకు చేరుతుందో అదే వార్తలో రెండు వాక్యాల్లోనైనా చెప్పండి. వీలైతే నివాస హోదా మీద నిపుణులతో ప్రశ్నలు-జవాబుల శీర్షిక ఒకటి నడపండి. రిటర్నుల గడువులు దగ్గరపడే నెలల్లో కాక, పాఠకులు ప్రయాణాలు ఖాయం చేసుకునే ముందే అది రావాలి.

భవదీయుడు,
పన్ను లెక్కల వృత్తిలో ఉన్న మీ పాఠకుడు