గది ఉష్ణోగ్రత ఎవరి గదిది?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య చాక్లెట్ మిఠాయిల కోసం రెండు పేజీలు కేటాయించారు. బొమ్మలు చూడముచ్చటగా ఉన్నాయి. తయారీ విధానాలు చదివాక మాత్రం ఒక సందేహం పట్టుకుంది. రాసినవారు వాటిలో ఒక్కదాన్నయినా విశాఖపట్నంలో, మే నెలలో, ఏసీ లేని వంటింట్లో చేసి చూశారా? చూసి ఉంటే ‘వెన్నను గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి’, ‘చాక్లెట్‌ను గట్టిపడేదాకా బయట ఉంచాలి’ అని రాసి చేతులు దులుపుకోరు.

నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వేడిని అంకెల్లో చూడటమే నా పని. ‘బాగా కాగాక’, ‘కాస్త చల్లారాక’ అనే మాటలు అక్కడ చెల్లవు. ఆ అలవాటు ఇంటికొచ్చినా వదల్లేదు. ఆదివారం పొద్దున్నే వంటిల్లు ఆక్రమించి చాక్లెట్‌తో ఏదో ఒకటి చేయడం నా సరదా. గిన్నెలు నేనే తోముకోవాలన్న షరతు మీద మా ఆవిడ అనుమతి ఇచ్చింది. ఎవరి పుట్టినరోజూ కానక్కర్లేదు, పండగా రానక్కర్లేదు. చేస్తాం, తింటాం, మిగిలింది కిందింటివాళ్ళకు పంపిస్తాం. అందుకే మీ రెండు పేజీలను అంత శ్రద్ధగా చదివాను, అందుకే ఇంత చిరాకూ వచ్చింది.

మా వంటింటి గోడకు ఒక థర్మామీటరు ఉంది. వేసవి మధ్యాహ్నం అది 33 డిగ్రీలు చూపిస్తుంది, స్టవ్వు వెలిగించాక ఇంకా పైకి పోతుంది. కేకుకు గిలక్కొట్టే వెన్న 18, 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడాలి తప్ప వేలికి నూనె అంటకూడదు. చలిదేశాల్లో వెన్నను బయట పెడితే ఆ స్థితికి వచ్చి ఆగుతుంది కాబట్టి వాళ్ళ పుస్తకాల్లో అలా రాసుకున్నారు. మన దగ్గర ఫ్రిజ్‌లోంచి తీసి పేపరు తిరగేసి వచ్చేసరికి అంచులు కరిగిపోతాయి. కరిగిన వెన్నలో గాలి నిలవదు, కేకు పొంగదు. మనవాళ్ళకు చెప్పవలసింది ‘వెన్నను చిన్న ముక్కలుగా కోసి, అయిదు నిమిషాల్లో వాడేయండి’ అని. ఒక్క వాక్యం. అది రాయడానికి ఒకసారి చేసి చూస్తే చాలు.

చాక్లెట్ సంగతి ఇంకా సున్నితం. అందులో ఉండే కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోటి వేడి 37 కాబట్టే అది నాలుక మీద పెట్టగానే జారిపోతుంది, దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. మన ఊరి వేసవికీ ఆ అంకెకూ మధ్య మిగిలేది ఒకటి రెండు డిగ్రీలే. పైగా కోకో వెన్న గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా పేరుకోగలదు. వాటిలో అయిదో రకం పడితేనే మెరుపు, విరిచినప్పుడు టక్కుమనే చప్పుడు. నల్ల చాక్లెట్‌ను 45, 50 డిగ్రీల దాకా కరిగించి, కలుపుతూ 27, 28కి దించి, మళ్ళీ 31, 32కి తెచ్చి అచ్చుల్లో పోయాలి. దీన్ని టెంపరింగ్ అంటారు. మీ వ్యాసంలో ‘చాక్లెట్ కరిగించి అచ్చుల్లో పోయండి’ అని మాత్రమే ఉంది. అలా పోస్తే పైన తెల్లటి చారలు తేలతాయి. పాపం ఆ ఇల్లాలు బూజు పట్టిందనుకుని మొత్తం పారేస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కొవ్వు. నిక్షేపంగా తినవచ్చు.

ఇంకో రకం తెలుపు కూడా ఉంది, అది సముద్రం పక్కనున్న మన ఊరికి మరీ దగ్గరి చుట్టం. ఫ్రిజ్‌లోంచి తీసిన చాక్లెట్‌ను మూత లేకుండా బల్ల మీద పెడితే గాలిలోని తేమ దాని మీద చెమటగా పడుతుంది. ఆ నీటిలో చక్కెర కరిగి, నీరు ఆరాక గరుకు పొరగా మిగులుతుంది. మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఉంచి, డబ్బా బయటి చెమ్మ ఆరాకే మూత తీస్తే ఈ బాధ ఉండదు. వేసవిలో నేను అచ్చుల జోలికే పోను, ఆ పని డిసెంబరు, జనవరిలకు వాయిదా వేస్తాను. మే నెలలో ఫ్రిజ్‌లోంచి తీసి చెంచాతో తినేవే చేసుకోవాలి. మీరూ ఋతువును బట్టి వేస్తే బాగుంటుంది. ఆవకాయ వ్యాసం డిసెంబరులో వేయరు కదా!

ఇక క్రీము. ‘ఫ్రెష్ క్రీమును నురగ నిలిచేదాకా గిలక్కొట్టండి’ అన్నారు. మామూలు కిరాణా కొట్లో దొరికే పెట్టె క్రీములో కొవ్వు 25 శాతం. నురగ నిలవాలంటే కనీసం 30 శాతం ఉండాలి, అదీ మంచులా చల్లగా ఉన్నప్పుడే. 25 శాతం క్రీమును తెల్లవార్లూ చిలికినా చేతులు నొప్పెట్టడం తప్ప ఏమీ జరగదు. ఆ క్రీముకు మరో మంచి ఉపయోగం ఉంది. దాన్ని పొగలు వచ్చేదాకా వేడిచేసి, సమాన తూకం చాక్లెట్ తురుము మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, మధ్యలోంచి అంచులకు కలుపుతూ పోతే గనాష్ తయారవుతుంది. కేకు మీద పోసుకోవచ్చు, ఫ్రిజ్‌లో పెట్టి ఉండలు చుట్టి కోకో పొడిలో దొర్లించుకోవచ్చు. ఇంత సులువైన దాన్ని వదిలేసి జరగని పనిని అచ్చు వేశారు.

నురగ కావాలంటే దానికి క్రీమే అక్కర్లేదు. ఎర్వే తిస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చాక్లెట్, నీళ్ళు, ఈ రెండింటితోనే నురగ తీసే పద్ధతిని 1995లో బయటపెట్టారు. నాకు ఇంతకన్నా సరదా అయిన వంట మరొకటి తెలియదు. కరిగిన చాక్లెట్‌లో నీటిచుక్క పడితే పాడైపోతుందని అందరూ భయపెడతారు, అది నిజమే. నాలుగు చుక్కలు పడితే చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకుని, అంతా బిరుసు ముద్ద అయిపోతుంది. అదే నీళ్ళు ధారాళంగా పోస్తే చక్కెర కరిగి, కొవ్వు సన్నటి బిందువులుగా నీటిలో కలిసిపోయి మళ్ళీ నున్నగా అవుతుంది.

నేను చేసే కొలత ఇది. 70 శాతం కోకో ఉన్న నల్ల చాక్లెట్ 200 గ్రాములు, నీళ్ళు 180 మిల్లీలీటర్లు. నీళ్ళలో నాలుగు చెంచాల అరకు కాఫీ డికాక్షన్ కలిపి, ఆ మేరకు నీళ్ళు తగ్గిస్తాను. చాక్లెట్ వాసన దాంతో పైకి లేస్తుంది, కాఫీ రుచి విడిగా తెలియదు. రెండూ సన్నటి సెగ మీద కరిగేదాకా కలపాలి. పెద్ద పళ్ళెంలో ఐసు ముక్కలు పోసి, వాటి మీద గుప్పెడు కల్లుప్పు చల్లి, అందులో స్టీలు గిన్నె పెట్టి చాక్లెట్ నీళ్ళు పోసి విస్కు అనే తీగల కవ్వంతో గిలక్కొట్టాలి. ముందు కొంతసేపు ఏమీ జరగదు. నల్లటి చారులా తిరుగుతూనే ఉంటుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. ఉన్నట్టుండి రంగు పాలిపోతుంది, విస్కు తీగల వెనక గీతలు నిలవడం మొదలవుతుంది. అక్కడ ఆపేయాలి. ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే రవ్వ రవ్వగా గట్టిపడుతుంది. అయినా నష్టం లేదు, మళ్ళీ కరిగించి మొదటినుంచి తిప్పుకోవచ్చు. గుడ్డు లేదు, క్రీము లేదు, ఓవెన్ లేదు. గుడ్డు తినని ఇళ్ళకు మీరు ఏడాది పొడవునా వేసే ‘ఎగ్‌లెస్’ కేకులకన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

అయితే ఇది అసలు చాక్లెట్‌తోనే అవుతుంది, కాంపౌండ్ అనే చవక రకంతో ఆ రుచి రాదు. మీ వ్యాసంలో రెండింటినీ కలిపి ‘డార్క్ చాక్లెట్ బార్’ అనేశారు. బేకరీ సామాన్ల కొట్లలో చవకగా దొరికే ఆ పెద్ద పలకల్లో చాలావాటిలో కోకో వెన్న స్థానంలో వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో రాస్తారు, కళ్ళజోడు పెట్టుకుని చదవాలి. టెంపరింగ్ అవసరం లేకుండా ఎండాకాలంలో కూడా గట్టిగా నిలుస్తుంది కాబట్టి దాని ప్రయోజనం దానికుంది, కేకు పైపూతకు నేనూ వాడతాను. నోట్లో మాత్రం మైనంలా పేరుకుంటుంది. పాఠకుడు ఏది కొంటున్నాడో తెలిసి కొనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మంచి చాక్లెట్ కొనడానికి అదొక సాకు.

అసలు గొడవ ఇంకా చెప్పలేదు. మీ పేజీలో బ్రౌనీ ఉంది, అంటే లోపల జిగురుగా ఉండే చాక్లెట్ కేకు. బ్రౌనీ అని పేరు. అందులో మైదా తీసేసి రాగి పిండి, చక్కెర తీసేసి ఖర్జూరం, వెన్న తీసేసి మగ్గిన అరటిపండు వేశారు. కింద ‘అపరాధ భావన లేకుండా తినండి’ అని ఒక వాక్యం. ఎవరి అపరాధం, ఏమిటి నేరం? బ్రౌనీ పైన అప్పడంలా పగిలే పలచటి పొర చక్కెర వల్లే వస్తుంది. రెండు గుడ్లు, 180 గ్రాముల చక్కెర తెల్లగా చిక్కబడేదాకా గిలక్కొడితే అది నిలుస్తుంది. చక్కెర తగ్గిస్తే ఆ పొరా పోతుంది, లోపలి జిగురూ పోతుంది. ఇంకో చోట ‘చక్కెర బదులు బెల్లం వేస్తే మధుమేహులకూ మంచిది’ అన్నారు. అనకాపల్లి బెల్లం అంటే నాకు ప్రాణం, కానీ బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. మధుమేహం ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి, లేదా మానేయాలి. ఆ మాట సూటిగా రాయండి. వారిని ఇలా మభ్యపెట్టడం మంచి పని కాదు.

రాగి పిండితో నాకు వైరం లేదు. అంబలి రోజూ తాగుతాను. ఇక్కడికి దగ్గర్లోని మాడుగుల హల్వానే చూడండి. గోధుమ పాలు, చక్కెర, చేతికి కారేంత నెయ్యి. దాన్ని ఓట్స్‌తో చేయమని ఎవరూ అడగరు. చిన్న ముక్క తింటారు, డబ్బా మూత పెడతారు. చాక్లెట్ దగ్గరికి వచ్చేసరికే మన వంటల పేజీకి సిగ్గు ముంచుకొస్తుంది. ఆదివారం పూట ఒక ముక్క తినే మనిషికి ఆ ముక్క నిండుగా ఉండనివ్వండి. రాగి, ఖర్జూరం, అరటిపండు కలిసిన ఆ ఉండను కూడా మీ రచయిత రుచి చూసి ఉండరని నా అనుమానం. చూసి ఉంటే ‘అద్భుతం’ అని రాయరు.

ఓవెన్ గురించి ఒక్క మాట. మీ పాఠకుల్లో ఎంతోమంది ఇళ్ళలో ఓవెన్ ఉండదు. కుక్కర్‌లో అడుగున ఇసుక గానీ ఉప్పు గానీ పోసి, గాస్కెట్టు, విజిలు తీసేసి, స్టాండు మీద గిన్నె పెట్టి కేకు చేసుకునే ఇళ్ళు మన ఊళ్ళో వీధికి పది ఉంటాయి. వాళ్ళకు ‘180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు’ అంటే ఏం ఉపయోగం? పది నిమిషాలు ముందుగా వేడిచేసి, సన్నటి సెగ మీద 40 నిమిషాల తర్వాత పుల్ల గుచ్చి చూడమని రాయాలి. బ్రౌనీ అయితే పుల్లకు కాస్త తడి ముద్ద అంటుకోగానే దించాలి, పుల్ల పొడిగా వచ్చిందంటే ఆలస్యమైపోయినట్టే. ‘కప్పు’ కొలతలూ మానేయండి. అదే కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, నొక్కి పోస్తే 150. వంటింటి త్రాసు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది.

కోకో అనగానే మీ వ్యాసం బెల్జియం, స్విట్జర్లాండ్ అంటూ ఎక్కడికో వెళ్ళిపోయింది. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. కాయ కోసి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజలను అయిదారు రోజులు పులియబెట్టి ఎండబెడతారు, చాక్లెట్ రుచికి పునాది పడేది అక్కడే. 2024లో పశ్చిమాఫ్రికాలో పంట దెబ్బతిని మన ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది. 2025లో ధర సగానికి పడిపోతే రైతులు రోడ్డెక్కారు. ఆ వార్త మీ జిల్లా పేజీలో చదివాను, వంటల పేజీ రాసేవారు చదివినట్టు లేదు. ఆ తోటల గింజతో ఇక్కడే చాక్లెట్ చేస్తున్నవారు కొందరున్నారు. వారి దగ్గర ఏం దొరుకుతుందో, ఎంతకు దొరుకుతుందో ఒక ఆదివారం రాయించండి.

ఈ ఉత్తరంతోపాటు నీటి నురగ, కుక్కర్ బ్రౌనీ, గనాష్ ఉండలు చేసే పద్ధతి మూడు విడి కాగితాల మీద గ్రాముల్లో రాసి పంపుతున్నాను. వేసవి ముగిసేలోగా వేస్తే సంతోషం. స్థలం చాలకపోతే గనాష్ ఉండలు తీసేయండి. చక్కెర అంకె పక్కన మాత్రం ‘లేదా తేనె’ అని మీ తరఫున ఏమీ చేర్చకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉక్కు ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం