ముక్కూ మొహం తెలియని ఆ పెద్దాయనకు థ్యాంక్స్

రాత్రి పన్నెండు దాటింది. చేతులు ఎంత కడిగినా లప్పం (గోడకు పూసే పుట్టీ) తెల్లదనం పోవడం లేదు. రేపు పెయింట్, ఆదివారం మా చెల్లి నిశ్చితార్థం. ఈ నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మాది కర్నూలు పాతబస్తీలో పాత ఇల్లు. 2009 అక్టోబరు వరదలో నానిన గోడలు, అప్పటి నుంచి ఎక్కడ పెచ్చు ఊడితే అక్కడ ఇంత సిమెంటు మెత్తుకుంటూ వచ్చాం, హాల్లో చెయ్యి పెట్టిన చోటల్లా ఎత్తుపల్లాలే. ఒక కాంట్రాక్టర్ చూసి మొత్తం చెక్కేసి మళ్ళీ ప్లాస్టరింగ్ చేయాలి, 45 వేలవుతుంది అన్నాడు. అంత ఎక్కడి నుంచి తేవాలి? నేనే 40 కిలోల పుట్టీ బస్తా తెచ్చి గుంతలన్నిటికీ మందంగా పూశాను. రెండో రోజుకే పగుళ్ళు, గోరు పెడితే ఊడొచ్చింది.

ఇంకో మూడు బస్తాలు ఇమ్మని షాపులో అడుగుతుంటే, పక్కన బ్రష్ కొంటున్న పెద్దాయన "పాత సున్నం గోకినావామ్మా?" అన్నారు. లేదన్నాను. "అయితే ఎన్ని బస్తాలు పూసినా నిలవదు, ఒక్కటే తీసుకో" అని, ఇల్లు ఎక్కడో అడిగి నా వెంటే వచ్చేశారు. ఆ సాయంత్రమే కాదు, తన కూలి పని అయ్యాక మూడు సాయంత్రాలు వచ్చారు.

లైట్లు ఆర్పించి, వైరుకున్న బల్బును గోడకు ఆనించి పట్టుకోమన్నారు. పక్క నుంచి వెలుగు పడేసరికి ప్రతి గుంతకూ నీడ వచ్చింది. వాటి చుట్టూ పెన్సిల్‌తో గీశారు. "గోడను నిలువుకు తేవాలంటే డబ్బు కావాల, నున్నగా చేయాలంటే ఓపిక చాలు" అన్నారు. సున్నం గోకించి, లోతు గుంతల్లో ఇసుక సిమెంటు నింపి, అది ఆరాక గోడ తడిపి పుట్టీ పల్చగా రెండు కోట్లు, మొదటిది బాగా ఆరాకే రెండోది. ఎంత కావాలో అంతే కలపమన్నారు, గంటల్లోనే గట్టిపడిపోతుందట. కింద అడుగు మేర చెమ్మ ఉందని అక్కడ ముట్టుకోనే లేదు, ఉప్పు పొంగి తోసేస్తుందట, ఎండాకాలం చూద్దామన్నారు.

చివరి రోజు నేను టీ తెచ్చేసరికి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తడి గోనెపట్టతో మా నాపబండల మీద పడిన చుక్కలు తుడుస్తున్నారు. "ఎండితే పొద్దున నువ్వే గోక్కోవాల కదమ్మా." నాకు ఏడుపు ఆగలేదు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు.

సాండ్‌పేపర్ రుద్దేటప్పుడు ఆయన దగ్గు వింటే భయమేసింది. భవన కార్మికుల సంక్షేమానికి సెస్ (ప్రత్యేక పన్ను) చట్టం 1996లోనే వచ్చింది, పెద్ద కట్టడాల ఖర్చులో 1 శాతం వీళ్ళ కోసమే వసూలు చేస్తారు. ఈయన కార్మిక కార్డు రెన్యువల్ మాత్రం ఏడాదిగా ఏదో ఒక కాగితం తక్కువని ఆఫీసు చుట్టూ తిప్పుతూనే ఉన్నారట. ముప్పై ఏళ్ళు ఆ దుమ్ము పీల్చిన మనిషిని ఇలా తిప్పడం అన్యాయం. ఆ కాగితాలు పట్టుకుని సోమవారం నేనే ఆయనతో వెళ్తున్నాను.

నాన్న, తమ్ముడు గోకారు, అమ్మ అందరికీ అన్నం పెట్టింది.

అయ్యో, మర్చిపోయా, నిచ్చెన ఇచ్చిన ఎదురింటి ఆంటీకి, బస్తా మేడ మీదికి మోసిన ఆటో అన్నకు, మాస్కులు ఊరికే ఇచ్చిన షాపు కుర్రాడికి కూడా చాలా థ్యాంక్స్. ఆంటీ, నిచ్చెన రేపు సాయంత్రం తెచ్చిస్తాను.