అచ్చుతప్పులు దిద్దినవాడి మాట

సంపాదకులకు నమస్కారం.

పుస్తకాలు మనిషిని మారుస్తాయన్నది చదివేవాళ్లు తమను తాము మెచ్చుకోవడానికి కల్పించుకున్న మాటేనని మీ పాఠకుడొకరు ఈమధ్య ఇదే శీర్షికలో రాశారు. ముప్పావు వంతు ఒప్పుకుంటాను. 31 ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. కోపం తగ్గించుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం దిద్దుతూనే కంపోజిటర్ మీద విరుచుకుపడ్డ ఘనుణ్ణి కూడా. మిగతా పావు వంతు కోసమే ఈ ఉత్తరం.

1904లో గాంధీ జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తుంటే, మిత్రుడు పోలక్ స్టేషన్లో ఇంగ్లిషు రచయిత రస్కిన్ రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్' చేతిలో పెట్టాడు. ఆ రాత్రి గాంధీకి నిద్ర పట్టలేదు. ఆ ఏడాదే, డర్బన్ దగ్గర అందరూ ఒళ్లొంచి పనిచేసుకుని బతికే ఫీనిక్స్ ఆశ్రమం వెలిసింది. పుస్తకం మహిమకు అందరూ చెప్పే ఉదాహరణే ఇది. కానీ ఆత్మకథలో ఆయన ఏమన్నారు? తనలో లోతుగా నాటుకుని ఉన్న నమ్మకాలే అందులో కనిపించాయన్నారు. అదే పుస్తకం నా ఒళ్లో పడుంటే డర్బన్ దాకా హాయిగా కునుకు తీసేవాణ్ణి.

పుస్తకం మనసుకు తగిలినా, రాసినవాడు గురిపెట్టిన చోటే తగులుతుందనీ లేదు. షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో కూలీల గోడు వినిపిద్దామని అమెరికా రచయిత అప్టన్ సింక్లేర్ 'ది జంగిల్' నవల రాశాడు. చదివినవాళ్లు కూలీలను వదిలేసి తమ పళ్లెంలోకి తొంగిచూసుకున్నారు. 1906లో నవల వచ్చింది, అదే ఏడు మాంసం తనిఖీ చట్టమూ వచ్చింది. గుండెకు గురిపెడితే పొట్టకు తగిలిందని ఆయనే వాపోయాడు.

నాకు తగిలిందీ అలాగే. చెవులు వినపడని ఒకావిడ రాసుకున్న చిన్న పుస్తకం. చాలామటుకు చెవి మిషన్ల గురించీ, బడిలో పడ్డ అవస్థల గురించీ. అక్కడెక్కడా నా కలం ఆగలేదు. ఒకచోట మాత్రం, నలుగురూ నవ్వుతుంటే "ఏమైంది?" అని అడిగితే "ఏం లేదులే" అంటారనీ, తలుపు మొహాన వేసినట్టుంటుందనీ రాశారు. 

మా అమ్మతో రోజూ నేననే మాటే అది. గట్టిగా చెప్పే ఓపిక లేక "ఏం లేదులేమ్మా" అనేసేవాణ్ణి. మళ్లీ అడిగేది కాదు. మేం నవ్వితే తనూ నవ్వేది.

ఆ సాయంత్రం మావాడు చెప్పిన జోకును అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి రెండుసార్లు చెప్పాను. "ఇందులో నవ్వడానికేముందిరా?" అంది.

మారిపోయానా? పదిరోజుల్లోనే "ఏం లేదులే" మళ్లీ నోట్లోకి వచ్చేసింది. కాకపోతే, ఇదివరకు అన్నట్టే తెలిసేది కాదు. ఇప్పుడు సగం మాట మింగి, వెళ్లి పక్కన కూచునేవాణ్ణి. అన్నిసార్లూ కాదు లెండి.

పుస్తకం అచ్చయ్యాక రచయిత్రి నొచ్చుకుంటూ ఆ పేజీ తెరిచి చూపించారు. రెండు తప్పులు వదిలేశాను. ఒకచోట 'నవ్వు'కు ఒత్తు ఎగిరిపోయింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్