పెళ్లిని గుర్తించని చోట విడాకులు ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

విడాకులప్పుడు ఆడవాళ్లకు ఉండే ఆస్తి హక్కుల మీద పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం పూర్తిగా చదివాను. భరణం, పిల్లల కస్టడీ, పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే పద్ధతి, అన్నీ అర్థమయ్యేలా చెప్పారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి ఈ కాగితాల సంగతి నాకూ కొంత తెలుసు. మా ఇంటికి వచ్చిన సమస్యకు మాత్రం అందులో జవాబు దొరకలేదు. మాలాంటి వాళ్లు ఇంకా ఉంటారనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయి ఎంఎస్ చదవడానికి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ వెళ్లి అక్కడే ఉద్యోగంలో చేరింది. 2018లో నెల్లూరు వైపు అమ్మాయిని అక్కడే చట్టప్రకారం పెళ్లి చేసుకుంది. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆ దేశంలో అన్ని రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లు ఆడవాళ్లను, మగవాళ్లు మగవాళ్లను పెళ్లి చేసుకోవచ్చు. అక్కడి కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్ మా బీరువాలో ఉంది. 2021లో ఇద్దరూ హైదరాబాద్ వచ్చేశారు. నల్లగండ్లలో ఫ్లాట్ కొనుక్కున్నారు. ఆ అమ్మాయి నన్ను నోరారా అత్తయ్యా అని పిలిచేది. నిరుడు విడిపోయారు. ఎందుకన్నది వాళ్ల విషయం, ఇక్కడ రాయను. విడాకులు కావాలని ఇద్దరూ అడుగుతున్నారు, ఇచ్చే చోటే లేదు.

హైదరాబాద్‌లో మేం కలిసిన లాయరు గారు మర్యాదగానే చెప్పారు. ఈ దేశంలో మీ పెళ్లి చెల్లదు, చెల్లని పెళ్లికి ఫ్యామిలీ కోర్టు విడాకులు ఎలా ఇస్తుందమ్మా అన్నారు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ప్రత్యేక వివాహ చట్టం కింద ఇలాంటి పెళ్లిళ్లను గుర్తించలేమని, అది పార్లమెంటు చేయాల్సిన పని అని చెప్పింది. ఆ కేసు వేసిన వాళ్లలో మొదటి జంట మన హైదరాబాద్‌లో ఉంటున్న వాళ్లే. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. ఆ రోజుల్లో టీవీల్లో జరిగిన చర్చ అంతా పెళ్లి గురించే. విడిపోవాల్సి వస్తే వీళ్ల గతేమిటని అడిగిన వాళ్లు నాకు కనపడలేదు.

సరే, పెళ్లయిన చోటే తేల్చుకుందామని టెక్సాస్ లాయర్‌తో మాట్లాడాం. అక్కడ పెళ్లి చేసుకోవడానికి ఆ ఊళ్లో కాపురం ఉండాలనే షరతు లేదు. విడాకులకు మాత్రం ఇద్దరిలో ఒకరు అంతకు ముందు ఆరు నెలలుగా టెక్సాస్‌లో, 90 రోజులుగా ఆ కౌంటీలో స్థిరంగా నివాసం ఉండాలి. ఉద్యోగం, వీసా రెండూ వదులుకుని వచ్చిన పిల్లలు ఇప్పుడు ఆరు నెలలు అక్కడికి వెళ్లి ఎలా ఉంటారు? టూరిస్టు వీసా మీద వెళ్తే దాన్ని నివాసం అనరు.

కాలిఫోర్నియాలో అయి ఉంటే ఈ బాధ తప్పేదట. అక్కడ పెళ్లి చేసుకున్న ఇలాంటి జంట, విడాకులు ఇవ్వని దేశంలో ఉంటుంటే, నివాసం లేకపోయినా అక్కడి కోర్టు విడాకులు ఇవ్వడానికి చట్టంలోనే వీలు పెట్టారు. కెనడాలోనూ ఇదే చిక్కు వచ్చి 2013లో చట్టం మార్చారు. ఏడాదిగా విడిగా ఉంటున్న విదేశీ జంటలకు, పెళ్లయిన ప్రావిన్సు కోర్టులోనే విడాకులు దొరుకుతాయి. ఆస్తుల పంపకం, భరణం మాత్రం ఆ చట్టంతో తేలవు. అయినా బంధం తెగిందని చెప్పే కాగితం ఒకటి చేతికొస్తుంది. విదేశాల్లో ఇలాంటి పెళ్లి చేసుకోబోయే పిల్లలుంటే ఏ ఊళ్లో చేసుకుంటున్నారో ఒకసారి ఆలోచించుకోండి.

కాగితమే కదా, లేకపోతే ఏం పోయిందని మా తమ్ముడు అన్నాడు. చాలా పోతుంది. అమెరికా లెక్కలో వీళ్లిద్దరూ ఇప్పటికీ దంపతులే. రేపు మా అమ్మాయికి మళ్లీ అక్కడ ఉద్యోగం వస్తే వీసా ఫారాల్లో వివాహిత అనే రాయాలి. అక్కడ ఇంకొకరిని పెళ్లి చేసుకుంటే అది నేరం. డల్లాస్‌లో పనిచేసినప్పటి 401కె ఖాతా, అంటే మన పీఎఫ్ లాంటి రిటైర్మెంట్ పొదుపు, అలాగే ఉంది. అలాంటి ఖాతాకు నామినీగా నా పేరు రాసినా, జీవిత భాగస్వామి రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే డబ్బు ఆ భాగస్వామికే చెందుతుందని అక్కడి ఫెడరల్ చట్టం. ఇక్కడేమో ఒకరికొకరు ఏమీ కారు. ఈ రెండింటి మధ్య నలిగి మా పిల్ల రాత్రిళ్లు నిద్రపోవడం లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది ఆ ఫ్లాట్. బంధుత్వం లేని ఇద్దరికి ఉమ్మడిగా లోన్ ఇవ్వలేమని బ్యాంకు వాళ్లు అనడంతో లోన్, రిజిస్ట్రేషన్ రెండూ మా అమ్మాయి పేరు మీదే చేశారు. ఈఎంఐలో సగం ప్రతి నెలా ఆ అమ్మాయి జీతంలోంచే వచ్చేది. ఇల్లు సర్దింది తను. నా మోకాలి ఆపరేషన్‌కు సెలవు పెట్టి హాస్పిటల్లో నా మంచం పక్కన ఉన్నదీ తనే. ఇవాళ ఆ పిల్ల రెండు సూట్‌కేసులతో హాస్టల్లో ఉంది. చట్టం చూస్తే పూర్తిగా మా వైపే ఉంది. మేం పైసా ఇవ్వకపోయినా అడిగే దిక్కు లేదు. ఇంత అన్యాయంగా మా వైపు ఉన్న చట్టం నాకు అక్కర్లేదు.

మా అమ్మాయి సగం వాటా ఇస్తానంటోంది. ఎలా ఇవ్వాలన్నదే తేలడం లేదు. భార్యాభర్తల మధ్య అయితే గిఫ్ట్ మీద ఆదాయపు పన్ను లేదు, కుటుంబ సభ్యులకు రాసే గిఫ్ట్ డీడ్‌కు స్టాంప్ డ్యూటీ కూడా తక్కువ. వీళ్లు బంధువులు కారు కాబట్టి 50,000 రూపాయలు దాటితే మొత్తాన్నీ ఆ అమ్మాయి ఆదాయంగా లెక్కేసి పన్ను కట్టమంటారు. ఆడిటర్‌ను అడిగితే, ఆ అమ్మాయి మీకు చేబదులు ఇచ్చినట్టు చూపించి అప్పు తీర్చినట్టు రాసుకోండి అన్నాడు. ఇన్నేళ్ల కాపురాన్ని చేబదులని రాయడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు. నాకూ మనసొప్పలేదు.

మామూలు ఇళ్లల్లో కోర్టు దాకా పోకముందే పెద్దమనుషుల్లో కూర్చోబెడతారు. ఇద్దరి వైపు మేనమామలు వస్తారు, కేకలేసుకుంటారు, చివరికి పెట్టిన బంగారం ఎవరిది వాళ్లకు ఇప్పిస్తారు. మా బంధువుల్లో సగం మందికి ఈ పెళ్లి సంగతే తెలియదు. పిలిచి కూర్చోబెట్టడానికి ఎవరున్నారు? ఆ అమ్మాయి తల్లీ నేనూ ఫోన్‌లోనే మాట్లాడుకుంటున్నాం. ఇద్దరం ఏడవడమే గానీ తేల్చగలిగింది తక్కువ.

వీళ్లకు పిల్లలు లేరు. ఉన్న జంటల పరిస్థితి తలుచుకుంటే గుండె చెరువవుతుంది. దత్తత నిబంధనల ప్రకారం జంటగా బిడ్డను తెచ్చుకోవాలంటే కనీసం రెండేళ్ల వైవాహిక జీవితం ఉండాలి. అందుకని ఇలాంటి జంటల్లో ఒకరే ఒంటరి వ్యక్తిగా దత్తత తీసుకుంటారు. విడిపోతే, రెండోవాళ్లు ఎన్నేళ్లు పెంచినా, కాగితం మీద ఆ బిడ్డకు పరాయివాళ్లే.

ఈ జంటలకు ఏ సదుపాయాలు ఇవ్వాలో చూడడానికి 2024 ఏప్రిల్‌లో కేంద్రం క్యాబినెట్ సెక్రటరీ అధ్యక్షతన కమిటీ వేసింది. అదే ఏడాది ఆగస్టులో జాయింట్ బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని స్పష్టం చేసింది. ఒకే రేషన్ కార్డు విషయంలోనూ చెప్పింది. సంతోషమే. ఇవన్నీ కలిసి ఉన్నవాళ్లకు పనికొచ్చేవి. విడిపోయేవాళ్లకు కనీసం ఇన్ని చేయమని నా విన్నపం. విదేశంలో జరిగిన పెళ్లి ఇక్కడ చెల్లకపోయినా, దాన్ని రద్దు చేయమని ఇద్దరూ కలిసి అడిగితే ఫ్యామిలీ కోర్టు వినాలి. ఉమ్మడిగా కట్టిన డబ్బును పంచుకుంటే దంపతుల మధ్య లావాదేవీలాగే పన్ను మినహాయించాలి. పెంచిన బిడ్డను చూసే హక్కు రెండోవాళ్లకూ ఉండాలి. 2023 నవంబర్‌లో మద్రాస్ హైకోర్టు, ఇలాంటి జంటలు తమ బంధం గురించి దస్తావేజు రాసి రిజిస్టర్ చేసుకునే పద్ధతిని పరిశీలించమని తమిళనాడు ప్రభుత్వానికి సూచించింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కూడా దాన్ని పరిశీలించాలి. విడిపోయినప్పుడు ఏది ఎవరిదో ఆ దస్తావేజులోనే రాసుకునే వీలుండాలి. అలాంటి కాగితాలు రాయించే పనిలోనే ఉద్యోగమంతా గడిపాను, అది అంత కష్టమేమీ కాదు.

ప్రస్తుతానికి ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత రావాలో స్టాంప్ పేపర్ మీద రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను. సాక్షులుగా ఆ అమ్మాయి తల్లి, నేను సంతకం చేశాం. పన్ను సంగతి, టెక్సాస్ సంగతి అలాగే ఉన్నాయి. ఆ వ్యాసం రాసిన లాయరు గారు ఈ రెండింటికీ దారి ఏమిటో మీ పత్రికలోనే రాస్తే మాతో పాటు మరికొన్ని ఇళ్లకు మేలవుతుంది. పిల్లల క్షేమం కోసం నా పేరు ప్రచురించవద్దని ప్రార్థన.

ఇట్లు,
ఒక తల్లి, హనుమకొండ