హాలు చూడటానికి వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దావిడను వెంటబెట్టుకెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మాఘమాసంలో మా పెద్దబ్బాయి రిసెప్షన్ రాజమండ్రిలో చేశాం. పెళ్లి అమ్మాయి వాళ్ల ఊళ్లో జరిగింది, రిసెప్షన్ మా వంతు. ఇప్పుడు మాలాగే ముహూర్తం పెట్టుకుని ఫంక్షన్ హాళ్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు మేము హాలు చూసిన పద్ధతే తప్పు. ఎనిమిది హాళ్లు చూశాం, అన్నీ పగటిపూటే, అన్నీ ఖాళీగా ఉన్నప్పుడే. మావాడు స్టేజీ ఫోటో తీసి కాబోయే కోడలికి వాట్సాప్‌లో పంపేవాడు, మా ఆయన రేటు అడిగేవారు, నేను ఏసీ సరిగ్గా పనిచేస్తుందా, వంటశాల శుభ్రంగా ఉందా అని చూసేదాన్ని. చివరికి ఖాయం చేసుకున్న హాల్లో భోజనాలు పై అంతస్తులో అని మేనేజరు ముందే చెప్పాడు. అప్పుడు కూడా మా ముగ్గురిలో ఒక్కరికీ మా అత్తగారు గుర్తుకు రాలేదు. ఆవిడకి 81 ఏళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి, ఇంట్లో గడప దాటాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి.

లిఫ్ట్ ఉంది కానీ ఆ సాయంత్రం అది క్యాటరింగ్ వాళ్ల చేతిలో ఉంది, అన్నం గిన్నెలు, నీళ్ల డబ్బాలు అందులోనే పైకి వెళ్తున్నాయి, ఎప్పుడు చూసినా తలుపు ముందు సామాన్లే. సరే మెల్లగా ఎక్కిద్దామని అటొకరు ఇటొకరు పట్టుకున్నాం. ఆరో మెట్టు మీద ఆగిపోయారు. "ఇక నా వల్ల కాదమ్మా, కింద కూర్చోబెట్టండి" అన్నారు. మెట్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశాం, మా ఆడపడుచు కూతురు పైనుంచి ప్లేటు పట్టుకొచ్చింది. ఒళ్లో తువ్వాలు పరుచుకుని, ఆ ప్లేటు దాని మీద పెట్టుకుని, పైకీ కిందకీ తిరిగే జనం మధ్య పెద్దమనవడి రిసెప్షన్ భోజనం ఆవిడ ఒక్కరే కూర్చుని తిన్నారు. పప్పూ కూరా కలిసిపోయి, అప్పడం మెత్తబడిపోయి ఉంది. నేను స్టేజీ మీద నిలబడి ఫోటోలు దిగుతున్నాను, ఇదంతా తర్వాత తెలిసింది.

మా ఊరి నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చిన నలుగురు పెద్దవాళ్లు ఆ మెట్లు చూసి, అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, తినకుండానే వెళ్లిపోయారు. మన ఇంటికి శుభకార్యానికి వచ్చిన మనిషి పస్తుతో వెళ్లడం కంటే లోటు ఏముంటుంది? స్టేజీకి పెట్టిన పూల ఖర్చు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ నలుగురే గుర్తొస్తున్నారు.

డబ్బు విషయం కూడా చెప్పాలి. అడ్వాన్సు కట్టేటప్పుడు చెప్పిన అద్దె ఒకటి, ఆఖరి బిల్లు ఇంకొకటి. జనరేటర్ గంటల లెక్కన, క్లీనింగ్ వేరే, డెకరేషన్ బయటవాళ్లతో చేయించుకుంటే దానికి రాయల్టీ అని ఇంకొంత, పైగా అద్దె మీద జీఎస్టీ 18 శాతం. జీఎస్టీ కట్టాల్సిందే, దాని మీద మాకు గొడవ లేదు, కానీ ఆ మాట ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి కదా. మేము సంతకం పెట్టిన కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది, చిన్న చిన్న అక్షరాలు, తేదీ మారితే అడ్వాన్సు రాదనే షరతు రెండో పేజీలో ఎక్కడో ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఏకపక్ష ఒప్పందాల మీద ఫిర్యాదు చేసుకునే వీలుందనీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగొచ్చనీ నాకు అంతా అయిపోయాక తెలిసింది.

పై అంతస్తు అంటే ముసలివాళ్లకి మాత్రమే ఇబ్బంది అనుకోకండి. 2004 జనవరిలో తమిళనాడులోని శ్రీరంగంలో ఒక పెళ్లి మండపం మేడ మీద వేసిన పందిరికి నిప్పంటుకుని, పెళ్లికొడుకుతో సహా 50 మందికి పైగా చనిపోయారు. దిగడానికి ఉన్నది ఇరుకు మెట్లే. మా రిసెప్షన్ రోజు రెండో దారి మెట్ల దగ్గర క్యాటరింగ్ వాళ్ల గ్యాస్ సిలిండర్లు, ఖాళీ కుర్చీలు పేర్చి ఉన్నాయి. నేను కళ్లారా చూశాను, చూసి కూడా హడావిడిలో ఏమీ అనలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం జనం వాడే ప్రైవేటు భవనాలు కూడా అందరూ రాగలిగేలా ఉండాలి. కాబట్టి మన మున్సిపాలిటీల వాళ్లు ప్రతి ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించాలని కోరుతున్నాను. ఎంతమంది పడతారు, ఎన్ని కార్లు పడతాయి, మనుషులు ఎక్కే లిఫ్ట్ ఉందా లేదా, బయటికి ఎన్ని దారులు, అద్దె కాక ఇంకా ఏమేం కట్టాలి, ఇవన్నీ తెలుగులో, దూరం నుంచి కనపడే అక్షరాల్లో ఉండాలి. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి ఎనిమిది గంటలకి అధికారులు ఒక్కసారి వచ్చి ఆ రెండో దారి తెరిచి ఉందో లేదో చూస్తే ఇంకా మంచిది.

హాలు వెతుక్కునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. అక్కడ వేరేవాళ్ల ఫంక్షన్ జరుగుతున్న రోజు సాయంత్రం వెళ్లండి. బండి రోడ్డు మీద ఎక్కడ ఆపాల్సి వస్తుందో, అక్కడి నుంచి భోజనాల దాకా ఎంత నడవాలో నడిచి చూడండి, చేతులు కడుక్కునే చోట నేల జారుతోందా, ఆడవాళ్ల బాత్రూములు ఎన్ని ఉన్నాయో చూడండి. భోజనాలు కింద పెట్టే హాలు దొరికితే స్టేజీ కొంచెం చిన్నదైనా సర్దుకుపోవచ్చు.

మా చిన్నవాడికి కూడా సంబంధం కుదిరింది. ఈ ఆదివారం సాయంత్రం రెండు హాళ్లు చూడటానికి వెళ్తున్నాం, అత్తగారిని కూడా రమ్మన్నాను. ముందు "నేనెందుకమ్మా, మీరు చూసుకోండి" అన్నారు. కాసేపటికి వంటింట్లోకి వచ్చి ఎన్నింటికి బయల్దేరాలని అడిగారు.

- ఒక పెళ్లికొడుకు తల్లి, రాజమహేంద్రవరం